గిలక్కాయ కడుపులో జీడితొక్కలు

మా చర్చి పాటల బృందంలో నేను నోరు తెరిస్తే డోలక్ వాయించే అన్నయ్యకి తాళం తప్పేది. పాటలు నేర్పే అక్క ఓ రోజు తేల్చేసింది.

"ఒరే తమ్ముడూ, ఏదైనా వాయిత్తానంటే ఉండు. పాడతానంటే మాత్రం కింద కూసో."

కింద కూర్చోవడం నాకు అవమానమేమీ కాదు, అలవాటే. కాకపోతే వారమంతా నేను ఎదురు చూసేది బృందంతో నిలబడే ఆ గంట కోసమే. అందుకని గిలక్కాయ చేయించుకుందామనుకున్నాను.

ఇంట్లో విరిగిన మంచం కోడు ఒకటి ఉంది, పనస చెక్కది. దాన్ని సంచిలో వేసుకుని టెక్కలి బస్సెక్కాను. అక్కడ మా మావ లేతు మిషను మీద మంచం కోళ్లు, అప్పడాల కర్రలు తిప్పుతాడు.

"ఏటల్లుడూ, ఒంటికాలి మంచం సేయిత్తావేటి?"

"కాదు మావా, దీన్ని వాయిత్తాను."

మావ కర్రను చూశాడు, నన్ను చూశాడు. కర్ర మీదే జాలిపడ్డట్టున్నాడు.

ఉలి ఆనగానే పసుపుపచ్చని పొట్టు చుట్లు చుట్లుగా లేచింది. లోపలంతా గుల్ల చేసి, మీద బిగుతుగా కూర్చునే మూత కూడా తిప్పి ఇచ్చాడు. అచ్చం కుంకుమ భరిణెకి అన్నలా ఉంది.

ఇక దాని కడుపులో ఏం పోయాలి? నాకు పిచ్చి పట్టింది అక్కడే. సైకిల్ బేరింగు గుళ్లు పోస్తే బస్సు చెడిపోయినట్టు మోగింది. చింతపిక్కలు పోస్తే ఎవరో అష్టాచెమ్మా ఆడుతున్నట్టుంది. బారువ సముద్రపొడ్డు నుంచి తెచ్చిన ఇసుక పోస్తే చెవి ఆనించి వినాల్సి వచ్చింది. అంత మర్యాదస్తుడి వాయిద్యం ఎవరికి కావాలి? భరిణె ఒకటే, ఏది మింగితే ఆ గొంతు. రెండు రోజులు ఇంట్లో కనిపించిందల్లా దానికి తినిపించాను.

చివరికి పొయ్యి పక్కన బస్తా కనిపించింది. అమ్మ జీడి ఫ్యాక్టరీ నుంచి వంటచెరకుగా తెచ్చే తొక్కలు. పోసి ఊపాను. కెరటం వెనక్కి పోతూ గులకరాళ్లను ఈడ్చుకెళ్లే చప్పుడు!

జీడితొక్కలో నూనె ఉంటుందని, అంటితే ఒళ్లు పొక్కుతుందని మా పలాసలో పసిపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. చప్పుడు బాగుంటే నాకు తెలిసినవేవీ గుర్తుండవు.

ఆదివారం మొదటి పాట అద్భుతం. రెండో పాటలో మూత అంచు నుంచి నల్లగా కారింది. ఒక చుక్క అక్క తెల్లచీర మీద పడింది. నా అరచెయ్యి చురుక్కుమంది. ఆపితే కింద కూర్చోవాలి. ఆపలేదు. గెంతుతూ ఊపాను.

పాట అయ్యాక అక్క కళ్లు తుడుచుకుంది.

"ఈయేళ ఆత్మ నీమీద దిగిపోయిందిరా తమ్ముడూ!"

"ఆత్మ కాదక్కా, జీడి."

ఇంటికొచ్చాక అమ్మ చేతికి కొబ్బరినూనె రాసింది. "పదేళ్లబట్టి జీడిపిక్కలు వలుత్తన్నదాన్ని ఇంట్లో ఎట్టుకుని ఒక్క మాట అడగలేదేటిరా?"

భరిణెను బూడిదతో రుద్ది తుడిచింది. నేను తెచ్చిన ఇసుకను జల్లెడపట్టి, పైన మిగిలిన గవ్వముక్కలు అందులో పోసింది. ఊపింది. ఆగి, మళ్లీ ఊపింది. నా వంతు రావడానికి చాలాసేపు పట్టింది.

మరుసటి ఆదివారం అక్క మొదట మూత తీయించి లోపల చూసింది, తర్వాత విన్నది.

"సరే, ఉండు. తెల్లసీరలకి దూరంగా, ఆ కిటికీ పక్కన."

చర్చి మొత్తానికి గాలి వచ్చేది ఆ ఒక్క చోటే. మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని వెళ్లి నిలబడ్డాను.