తొంభై అయిదు సైజు బనీను

జంగప్ప ఛాతీ కొలత ఎనభై అయిదు. వేసుకునేది తొంభై అయిదు సైజు బనీను. అది చంకల కింద జారి, నడుము దాటి, తొడల దాకా వేలాడుతుంది.

తాండూరులో మా నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో ఎండాకాలం అందరం నడుము పైన ఏమీ లేకుండానే పనిచేస్తాం. జంగప్ప చొక్కా విప్పుతాడు కానీ బనీను విప్పడు. మిషన్ చిమ్మే రాతిపొడి నీళ్లు ఎండి బనీను అట్టలా బిగుసుకున్నా ఇంటికెళ్లాకే తీస్తాడు.

"బనీను లేకుంటే పదిమందిల తోలు ఒలిచి నిలవెట్టినట్టుంటది రా," అంటాడు నాతో.

సైజు మాత్రం ఆయన తల్లి శాంతవ్వ నిర్ణయం. పెద్దేముల్‌లో కూలికి పోతూ పెంచింది. పెరిగే పిల్లాడని ఎప్పుడూ రెండు సైజులు పెద్దదే కొనేది. జంగప్పకు ఇప్పుడు నలభై నాలుగేళ్లు. ఆయన పెరగడం ఎప్పుడో ఆగింది, శాంతవ్వ కొనడం ఆగలేదు.

"అవ్వా, ఇగ నేను పెరిగేదేముందే?"

"నీకేమెరుక? ఉతికితే గుంజుకపోతది. నోర్మూసుకొని తొడుగు."

ఈ జంగప్పే ఇరవై రెండేళ్లుగా మా యూనిట్ కబడ్డీ జట్టులో కూతకు పోతాడు. ఆయనకు సినిమా లేదు, కల్లు లేదు, ఉన్నదల్లా కబడ్డీ. రెండేళ్ల కింద యజమాని అన్న కొడుకు సుశాంత్ వచ్చి కెప్టెన్ అయ్యాడు. ఎలా అయ్యాడని అడగకూడదు. జెర్సీలు కొనేవాడే కెప్టెన్.

మొన్న ఫిబ్రవరిలో వికారాబాద్‌లో పరిగి జట్టుతో ఫైనల్. పొద్దున ప్యాసింజర్ ఎక్కగానే సుశాంత్ ఒంటికి అతుక్కునే ఎర్ర జెర్సీలు పంచాడు. జంగప్ప బనీను మీదనే తొడిగాడు. కింద జానెడు తెల్లబట్ట వేలాడింది. బోగీ అంతా గొల్లుమంది.

"జంగన్నా, లంగా కట్టుకొచ్చినవా?" అన్నాడు మా జట్టు శ్రీశైలం.

"నీగ్గావాల్నా? మా అవ్వకు చెప్పి ఇంకోటి తెప్పిస్త."

సుశాంత్ నవ్వలేదు. "బనీను విప్పు జంగన్నా. పరిగోళ్లు ఆ బట్ట పట్టి గుంజితే బొక్కబోర్ల పడతవ్."

"పడను చిన్న సేటూ. ఇన్నేండ్ల సంది గిట్లనే ఆడుతున్న."

"సరే. ఇయ్యాల ఓడితే మాత్రం వచ్చే ఏడు నీ జెర్సీ ఇంకొకనికిస్త. అందరి ముంగట జెప్తున్న."

జంగప్ప ఆ జానెడు బట్టనూ నిక్కరులోకి కుక్కుకుని కిటికీ వైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితేనేం, నా జెర్సీ కూడా సుశాంత్ కొన్నదే.

ఆట చివరి నిమిషం. పరిగికి ఇరవై మూడు, మాకు ఇరవై రెండు. బరిలో మా జట్టు నుంచి మిగిలింది ఇద్దరమే, జంగప్ప, నేను. ఆఖరి కూత. అవుటై గీత అవతల కూర్చున్న సుశాంత్ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

జంగప్ప వెళ్లాడు. కుడి మూలలో ఒకడి భుజం తట్టాడు. వెనక్కి తిరుగుతూ ఇంకొకడి మోకాలికి కాలు తగిలించాడు. ఇద్దరు! నేను గాల్లోకి ఎగిరాను. ఇక మధ్యగీత ముట్టుకుంటే చాలు.

అప్పుడు నిక్కరులోంచి ఊడొచ్చింది బనీను. పరిగి జట్టులో ఎద్దులాంటి బాల్‌రాజ్ దూకాడు. జెర్సీ చేతికి దొరకలేదు, వెనక తోకలా ఎగురుతున్న తెల్లబట్ట దొరికింది. రెండు పిడికిళ్లతో పట్టి గుంజాడు. జంగప్ప బోర్లా పడ్డాడు, గీతకు మూరెడు దూరంలో.

"చెప్పిన గదా! చెప్తే వినకపోతివి!" సుశాంత్ నెత్తి కొట్టుకున్నాడు.

కూత మాత్రం ఆగలేదు. నేలకు ఛాతీ ఆనించి పాకుతున్నాడు జంగప్ప. "కబడ్డీ కబడ్డీ..." ఊపిరి సన్నబడుతోంది. బాల్‌రాజ్ ఇంకాస్త బలంగా లాగాడు. ఏడాది పొడుగునా రాతిపొడిలో నాని, బండకేసి బాదించుకున్న బట్ట అది. పర్రున చినిగింది! బాల్‌రాజ్ వెల్లకిలా పడ్డాడు, చేతుల్లో తెల్లటి పీలిక. జంగప్ప వేళ్లు గీత దాటాయి.

"పట్టినం! గీత ముట్టకముందే పట్టినం!" పరిగివాళ్లు అరిచారు.

రెఫరీ పాండురంగం సారు వచ్చి ఆ పీలికను పైకెత్తాడు. "నువ్వు పట్టింది మనిషిని గాదు, బట్టను. బట్ట పడితే పట్టినట్టు గాదు. కూత ఆగకముందే గీత ముట్టిండు. రెండు పాయింట్లు తాండూరుకు!"

ఆ తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నామో తెలియదు. మర్నాటికి నా గొంతు పోయింది. ఆ గోలలోనే సుశాంత్ జంగప్ప దగ్గరికి వచ్చాడు.

"జంగన్నా, వచ్చే ఏడు..."

"ఆఁ, వచ్చే ఏడు ఏంది చిన్న సేటూ?"

"బనీనుతోనే రా."

మరునాడు పేపర్లో కప్పు పట్టుకున్న సుశాంత్ ఫొటో పడింది. వెనక వరుసలో జంగప్ప చెవి సగం కనిపిస్తుంది. జంగప్ప దాన్నే కత్తిరించి దాచుకున్నాడు.

ఆట గెలిచిన రాత్రే శాంతవ్వకు అందరం ఒకేసారి అరుస్తూ ఆట మొత్తం చెప్పాం. ఆమె చినిగిన బనీనును దీపం వైపు పట్టి చూసింది.

"చినగదా మరి? బిగుతైంది నీకు."

సోమవారం జంగప్ప పనిలోకి కొత్త బనీనుతో వచ్చాడు. నూరు సైజు. మోకాళ్లు దాటలేదు, అంతే.