సార్ పోయిన పొద్దున నేనడిగిన మాట

సార్ పోయారని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమ్మ అంటే ఆయన భార్య. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లమంతా అట్లాగే పిలుస్తాం. "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అన్నది. నేను ఏడవలేదు. "సార్ ఆ ఫైలు ఎక్కడ పెట్టిన్రమ్మా?" అని అడిగాను. "ఎతుకుత" అన్నది.

అది తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ ఫైలు సంగతి మీకు చెప్పాలి. నల్గొండలో మా ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సార్ చూసేవారు. కొన్నేళ్లుగా నేనూ అక్కడే పాఠం చెబుతున్నాను. ఒక వస్తువు మీద బరువు పడితే ఎక్కడ వంగుతుందో, ఎక్కడ పగులుతుందో ముందే లెక్కగట్టి రంగుల్లో చూపే సాఫ్ట్‌వేర్ నేర్పుతాం. దానికి కమాండ్లు టైపు చేయాలి. మొత్తం మాట అక్కర్లేదు, మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే అదే పోల్చుకుంటుంది. చిక్కల్లా అక్కడే.

నేను దేవరకొండ నుంచి వచ్చి చదువుకునే రోజుల్లో కొత్త వెర్షన్ వేశారు. బొమ్మ చూపించమని 'డిస్‌ప్లే'కి అలవాటైన మూడక్షరాలు కొట్టాను. కొత్త దాంట్లో అవి పారెయ్యమనే 'డిస్కార్డ్' కిందికి పోయాయట. మధ్యాహ్నమంతా కట్టిన మోడల్ తుడిచిపెట్టుకుపోయింది. ఏడుపు దాచుకోవడానికి బల్ల కింద చెప్పులు వెతుకుతున్నట్టు నటించాను. సార్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"తెల్వదని సిగ్గుపడకు బిడ్డా. గిది ముందుగాల నేను సూసి చెప్పాలె. జర జరుగు, మళ్ల కడదాం."

ఆ ఫైలు అప్పుడే మొదలుపెట్టారు. ఏ పొట్టి మాట ఏ కమాండ్‌కు, అది చేసే పనేమిటి, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది, అన్నీ తెలుగులో. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంలోది దించేవారు కాదు. ఒక్కోటీ కొట్టి, తెర మీద ఏమైందో చూసి, అప్పుడే రాసేవారు. వెర్షన్ మారిందంటే మళ్లీ మొదటికి. "నిరుడు పనిజేసిందని ఇయ్యాల చేస్తదా?" అనేవారు. ఆయన చాయ్ చల్లారిపోయేది, నాకు బస్సు పోయేది. విసుక్కునేదాన్ని కూడా.

ఈ ఏడు మళ్లీ వెర్షన్ మారింది. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాయి. దవాఖాన నుంచి వచ్చాక సార్ మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ ఫైలు సగం దాకా చూశారు. మిగతా సగం ఒక్కదాన్నీ చేయలేనని నాకు తెలుసు. ఆయన లేరనగానే నా బుర్రలో ముందు మెదిలింది ఆ సగం. మనిషి తర్వాత గుర్తొచ్చాడు.

దినాల నాడు వెళ్లాను. ఫోటోకు దండం పెట్టి, ఎవరి కంటా పడకుండా వచ్చేద్దామనుకున్నాను. అమ్మ చూసింది. చుట్టాలు బంతిలో తింటుంటే లోపలి నుంచి ల్యాప్‌టాప్ తెచ్చి, కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వడిగినవు గదా. నాకు తెరువరాదు, నువ్వే సూసుకో."

తినేవాళ్లు తలెత్తి చూశారు. లేచి పారిపోవాలనిపించింది.

"తప్పయిందమ్మా. ఆ టైంల గట్ల అడగొద్దుండె."

"నాకు గప్పుడు మస్తు కోపమొచ్చింది," అన్నది. అని నా పక్కనే చాప మీద కూర్చుంది. "ఇన్నేండ్లు గిండ్ల ఏం జేస్తున్నడో నేనెన్నడు అడగలే. నువ్వన్న అడిగినవు. జర నాకు సూపెట్టు."

తెరిచాను. నందికొండ డ్యాం గేటు మోడల్ ఉంది, దాని మీద నీళ్ల బరువు పెట్టి సిద్ధంగా. ఫైల్లో సార్ ఇంకా చూడని మొదటి పొట్టి మాట ఏదో వెతికి, అక్షరాలు ఆమెకు చెప్పాను. చూపుడు వేలితో ఒక్కొక్కటే వెతుక్కుని కొట్టింది. ఎంటర్ నొక్కింది. గేటు నడుము మెల్లగా వంగి, నీలం నుంచి ఎరుపులోకి తిరిగింది. అమ్మ వేలు ఆ మీట మీదే ఉంది.

"రాసుకో," అన్నది. "ఇంకోటి చెప్పు."