తీగలతో సహా

నా అరచేతిలో గీతలు చాలా బాగున్నాయని చిన్నప్పుడు ఎవరో చెప్పారు. ఆ చేతికి గీత గీయడం రాదని మాత్రం బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తెలిసింది. అప్పటికే నీళ్లరంగుల పెట్టె కొనేశాను. నా నీళ్లరంగుల్లో నీళ్లకు లోటుండదు. కాగితానికి రంగులు వేసినట్టు కాక, ఉన్న రంగులు కడిగేసినట్టు ఉంటుంది. అయినా ఆదివారం పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లోనో ఫిల్మ్‌నగర్‌లోనో ఏదో ఒక మలుపు దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకునే మా బృందం నన్ను భరిస్తూనే ఉంది.

మాకో పద్ధతి ఉంది. రెండు గంటలు గీశాక పుస్తకాలు తెరిచి దగ్గర్లోని పిట్టగోడ మీద పేరుస్తాం. ఎదురుగా ఉన్నది చూసి గీసినవి ఎడమ వరుసలో, ఊహించి గీసినవి కుడి వరుసలో. రెండూ సమానమేనని అంటాం. కానీ ఎడమ వరుసలో పడ్డ మనిషి ఆ తర్వాత టీ తాగే ఠీవే వేరు. వరుసలు సర్దేది మా ఆర్కిటెక్టు మేడమ్. ఆవిడ ఒక బొమ్మ మీదికి వంగిందంటే దానిలోని గోడలు కూడా నిటారుగా నిలబడతాయేమో అనిపిస్తుంది. నా గోడలు తప్ప.

ఆ నెలంతా ఫిల్మ్‌నగర్‌లో ఒకే సందు గీయాలని మేడమ్ నిర్ణయించింది. సందు మలుపులో ఏనుగంత బండ, దాన్ని పగలగొట్టకుండా చుట్టూ కట్టుకున్న ఇల్లు, ముందు కరెంటు స్తంభం, కాగితంపూల తీగ. మొదటి ఆదివారమే యూసుఫ్‌గూడ నుంచి ఒక పెద్దాయన వచ్చి చేరాడు. డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు సినిమా సెట్ల వెనక కట్టే పెద్ద గుడ్డ తెరల మీద బొమ్మలు వేసిన మనిషి. మంచుకొండలు, లండన్ వీధి, స్వర్గం, మూడూ ఒకే వారంలో వేసిన రోజులున్నాయట. మూడింటిలో ఏదీ ఆయన చూసింది కాదు.

ఆ రోజు ఆయన కుంచె పట్టుకున్న తీరు చూసి నేను నాది పక్కన పెట్టేశాను. కుంచె కాగితాన్ని తాకుతున్నట్టే లేదు, పలకరించి వెళ్తున్నట్టుంది. పావుగంటలో బండ లేచి కూర్చుంది. బండ మీంచి జలపాతం కూడా దూకింది.

"నీళ్లెక్కడున్నాయండీ?" అంది మేడమ్.

ఆయన బండ వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. "అలవాటు మేడమ్. కొండ ఏస్తె నీళ్లు ఏసుడే."

బొమ్మ కుడి వరుసలోకి వెళ్లింది. రెండో వారం జలపాతం లేదు, కరెంటు స్తంభమూ లేదు. మూడో వారం స్తంభం వచ్చింది గానీ దానికి ఒక్క తీగ లేదు, మేడ మీద నీళ్ల ట్యాంకు లేదు, గేటు ముందు కారు లేదు. "తీగ కనబడితె షాట్ ఖరాబైతది మేడమ్. కెమెరామన్ కొడుతుండె మమ్మల్ని" అని నవ్వాడు. నలభై ఏళ్లు తీగలు చెరిపేసిన కంటికి తీగ కనబడటమే మానేసింది. బొమ్మ మళ్లీ కుడికే వెళ్లింది.

ఈసారి ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. టీ బండి దగ్గర నాతో అన్నాడు: "సార్, బతుకంత లేనివే గీసిన. కండ్లముందు ఉన్నది ఒక్కటన్న గీద్దామని ఈడికి ఎక్కొచ్చిన. వచ్చే ఐతారం గూడ ఆ వరుసలనే పడితె ఇగ రాను. నాతోని కాదనుకుంట."

ఆయన్ని ఓదార్చే అర్హత నాకెక్కడిది? నా బొమ్మలు అన్ని వారాలూ ఎడమ వరుసలోనే ఉన్నాయి మరి.

నాలుగో ఆదివారం ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. తలెత్తి స్తంభాన్ని చూడటం, వేళ్లు మడిచి లెక్కపెట్టడం, ఒక తీగ గీయడం, మళ్లీ తలెత్తడం. నేను ఆలస్యంగా వచ్చి నీడ వెతుక్కుంటే కాగితంపూల వెనక దొరికింది. అక్కణ్ణుంచి బండ కనబడదు. ఫరవాలేదు, మూడు వారాలుగా గీస్తున్న బండే కదా అని గీసేశాను. ఖాళీగా ఉందని పైన రెండు చిలకల్ని కూడా పెట్టాను.

ఆ బండ ఇంటి గేటు ముందు కారు కడుగుతున్న డ్రైవరు వచ్చి నా భుజం మీంచి తొంగిచూశాడు. "ఇడ్లీ మంచిగొచ్చింది సార్."

"అది బండ బాబూ."

"అవునా? అయితె చట్నీ అక్కర్లేదు" అని వెళ్లిపోయాడు.

పుస్తకాలు గోడ మీదికి చేరాయి. పెద్దాయన పేజీ మీదికి అందరం వంగాం. దగ్గర్నుంచి చూస్తే ముద్దలు. నల్లటి చారలు, నీలం మరక, ఎర్రటి చుక్క. తెరల పనిలో దూరంగా ఉండే కెమెరా కోసం వేసిన చెయ్యి, ఇంత చిన్న కాగితం మీద కూడా అలాగే వేసింది.

"ఇందులో ఇల్లు ఏదండీ?" అంది మేడమ్ మెల్లగా. ఆవిడ చెయ్యి పుస్తకం మీద ఉంది, కుడివైపు జరపడానికి. పెద్దాయన తన రంగుల డబ్బా మూత పెట్టేసి సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే హారన్ కొట్టుకుంటూ నీళ్ల ట్యాంకరు సందులోకి వచ్చింది. అందరం రోడ్డు దాటి అవతలి గోడకు బల్లుల్లా అతుక్కున్నాం. ట్యాంకరు మెల్లగా కదిలి వెళ్లిపోయాక ఎదుటి పిట్టగోడ మీద మా పేజీలన్నీ ఒక్కసారే కనబడ్డాయి. మావన్నీ ఆరేసిన రుమాళ్లలా తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి. ఒక్క పేజీలో మాత్రం బండ మీద పొద్దుటి ఎండ ఉంది. దాని వెనక ఇల్లు, ట్యాంకు, స్తంభం, ఆకాశాన్ని గీరుతున్న తీగలు.

ముందుగా నోరు తెరిచింది డ్రైవరు. "అరే కాకా! అది మా సార్ ఇల్లే గదా! ఎర్రగున్నది నా బకెట్!"

మేడమ్ రోడ్డు దాటి వెళ్లి, ఆ పుస్తకాన్ని తీసి ఎడమ వరుస మొదట్లో పెట్టింది. "క్షమించండి. నేను మరీ దగ్గరగా నిలబడ్డాను" అంది. ఆవిడ పొరపాటు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మాట అన్నాక నాకు ఆవిడ కూడా ఎంతో నచ్చింది.

నేనూ వెళ్లి నా పుస్తకాన్ని తీసి కుడి వరుసలో పెట్టాను.

"మీదెందుకు సార్ గాడ?" అన్నాడు పెద్దాయన.

"బండను చూడకుండా గీశాను. చిలకలు అసలు రానేలేదు."

ఆయన నా చిలకల్ని శ్రద్ధగా చూశాడు. "చిలకలు మంచిగున్నయ్ సార్" అన్నాడు. బండ గురించి ఏమీ అనకపోవడం ఆయన మర్యాద.

అందరూ టీ బండి వైపు కదిలారు. ఎడమ వరుసలో ఉన్నవాడు ఠీవిగా తాగే టీ ఆయనకివ్వాలని నేనే రెండు కప్పులు తెచ్చాను. తీరా చూస్తే ఆయన గోడ మీది పుస్తకాన్ని మళ్లీ ఒళ్లోకి తీసుకుని, తలెత్తి, వేళ్లు మడుస్తున్నాడు.

"పదకొండున్నయ్ సార్. నేను పదే గీసిన."

టీ చల్లారింది. ఆయన తాగలేదు.