తాతయ్య బండికి టేకు నడుము

మా నాయనమ్మ రాఘవమ్మకు తాతయ్య ముఖం కంటే ఆయన పాదాలే ఎక్కువ తెలుసు. తెల్లారి లేచి వాకిట్లోకి వస్తే బండి కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపించేవి. మిగతా తాతయ్య చాసిస్ కింద పడుకుని నట్లు బిగించేవాడు. ఆమె కాఫీ గ్లాసు ఆ పాదాల పక్కన పెట్టి, ఇంటి సంగతులన్నీ వాటికే చెప్పి లోపలికి వెళ్లేది.

తాతయ్య పేరు చెంచురామయ్య. ఏన్కూరు నుంచి చర్లకు వచ్చి మిరప తోట వేశాడు, చింతపండు వ్యాపారం పెట్టాడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు సర్కారు వేలంలో ఒక పాత జీపు పికప్ కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో పాతిక బస్తాలు పడతాయి. పడతాయని తాతయ్య అనేవాడు. బండి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కొన్న నాటి నుంచి దాన్ని బాగుచేయడమే ఆయనకు పని. పెట్రోలు ఇంజన్ పీకి డీజిల్ ఇంజన్ పెట్టించాడు. బరువుకు ఆగేట్టు వెనక కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వేశాడు. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసేవాడు, కారడం ఆగేది. వంటింట్లో పసుపు డబ్బా ఖాళీ అయిందని నాయనమ్మ గోల పెడితే, బండి కూడా ముత్తైదువేలే అనేవాడు. ఆమె పాత నూలు చీరలు డీజిల్ వడకట్టడానికి పోయేవి. పాతవి అయిపోయాక కొత్తవి పాతబడే దాకా ఆయన ఆగలేకపోయేవాడు.

బండి కొన్న కొత్తలో ఏన్కూరు వెళ్లి బావమరిది వెంకటప్పయ్యతో చెప్పాడు. వెంకటప్పయ్య తమలపాకుకు సున్నం రాసుకుంటూ, అడవిలో కొన్న బండి అడవిలోనే తిరుగుద్దిలే బావా అన్నాడు. అంతే, తాతయ్యకు రోషం వచ్చింది.

"రాఘవ మళ్లీ ఈ గడప తొక్కితే నా బండి దిగే తొక్కుద్ది. బస్సు దిగి కాదు," అని పదిమందిలో అనేసి బస్సెక్కి వచ్చాడు. బండి ఆ రోజు రిపేరులో ఉంది మరి.

ఆ వానాకాలమే వాగు దాటుతుంటే చింతపండు బస్తాల బరువుకు చాసిస్ పగిలింది. బండికి వెన్నెముక లాంటి ఇనుప దూలాలు రెండూ నడుము దగ్గర నెర్రె ఇచ్చాయి. దాన్ని అతికే వెల్డింగ్ షాపు భద్రాచలంలో ఉంది. అంత దూరం ఆ నడుముతో పోదు. అప్పుడు తాతయ్య పక్క గూడెం దూలయ్యను పిలిచాడు. దూలయ్య కోయ పెద్దమనిషి, ఇళ్ల కప్పులకు కట్టెపని చేసేవాడు, తాతయ్యకు తోటలో సావాసగాడు. నెర్రెకు రెండు పక్కలా చెక్క దూలాలు పెట్టి బోల్టులతో బిగిస్తే, విరిగిన కాలికి బద్దలు కట్టినట్టు నిలుస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఏ చెక్క అన్నదే తగువు. దూలయ్య ముదురు తాటి దూలం చాలన్నాడు.

"తాటి మీద ఎక్కి తిరగనీకి నేనేమన్న కల్లు కుండనా దూలన్నా?" అన్నాడు తాతయ్య.

పోడు కొట్టినప్పుడు పడిన టేకు మాను ఒకటి చేను గట్టున ఉండేది. దాన్నే కోయించి దూలాలు పెట్టించాడు. చెక్క మిగిలింది కదా అని తుప్పు పట్టిన తొట్టిని కూడా పీకేసి టేకు పలకలే వేయించాడు. అవిసె నూనె పట్టించి పట్టించి, ఊళ్లో పెళ్లికూతుళ్లు కూడా అంత మెరవరన్నట్టు చేశాడు.

ఆ మెరుపుతో భద్రాచలం బయలుదేరాడు. దారిలో ఫారెస్టు చెక్‌పోస్టు ఉంది. గేటు ముందు ఒక ఎడ్లబండి ఆపి ఉంది. గార్డు భీమయ్య చిన్న సుత్తితో దాని కాడిని తట్టి చూస్తున్నాడు. అడవి టేకు బయటికి పోవాలంటే ఆఫీసు వాళ్ల సుత్తి ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే కలప జప్తు, మోసే బండి కూడా జప్తు. ఆ కాడి ముద్ర లేని టేకని తేలింది, ఎడ్లను విప్పి రైతుకిచ్చి, బండిని గేటు పక్కకు తోయించారు.

తాతయ్య వెనక్కి తిరిగి మెరిసే తొట్టిని చూసుకున్నాడు. మిగతా దొంగలు కలపను బండిలో పెట్టి మోస్తారు. మా బండి తనను తానే దొంగతనంగా మోస్తోంది. అప్పటిదాకా ఆ బండికి రివర్స్ గేరు పడేది కాదు. ఆ రోజు ఒక్క దెబ్బకు పడింది.

ఏన్కూరు దారి కూడా అదే, కానీ అప్పటి నుంచి బండి గేటుకు అటువైపు పోలేదు. టేకు ఉంటే గేటు దాటదు. టేకు తీస్తే నడుము విరుగుతుంది. నడుము అతకాలంటే గేటు దాటాలి. తాటి దూలాలు అడుగుదామంటే దూలయ్యతో అన్న కల్లు కుండ మాట అడ్డం. తాతయ్య పలకలకు తారు పూశాడు, పైన పేడ కొట్టాడు, ఏం చేసినా గేటు కనబడగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడేది. సరుకును గేటుకు ఇవతల మామిడితోపు దగ్గర దించి, వేరే లారీకి ఎక్కించేవాడు. రోజూ బండి కింద దూరి ఆ బోల్టులే బిగించేవాడు. ఎక్కడికీ పోని బండికి అంత సేవ ఏమిటని ఊరు నవ్వేది.

ఇదంతా నాయనమ్మకు చెప్పలేదు. ఏన్కూరు ఎప్పుడు పోదామంటే వాన అన్నాడు, టైరు అన్నాడు, మిరప కోతలన్నాడు. ఏళ్లు గడిచాయి. నాన్నకు పెళ్లయింది, నేను పుట్టాను, ఏడో తరగతి ఒకసారి తప్పి రెండోసారికి కూర్చున్నాను. ఆమె మాత్రం పుట్టింటికి పోలేదు. గేటుకు ఇవతల బండి, బండి వెనక ఆయన, ఆయన వెనక ఆమె, ఒకే గుంజకు కట్టేసిన పశువుల్లా ఉండిపోయారు.

ఒక మాఘమాసంలో ఏన్కూరు నుంచి కబురొచ్చింది. నాయనమ్మ అక్క సుబ్బరత్నమ్మ మంచం పట్టింది, ముద్ద మింగడం లేదు, రాఘవను తీసుకురమ్మంటోంది. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మను సాకింది ఆవిడే. నాయనమ్మ ఏడవలేదు. రెండు చీరలు మూట కట్టుకుని వచ్చి బండి ముందు సీట్లో కూర్చుంది. తాతయ్య ఏం చేస్తాడు, బండి కింద దూరాడు.

సీటు కింద రేకు తుప్పుతిని అరచేయంత బొక్క ఉండేది. ఆమె దానిలోంచి మాట్లాడింది.

"ఏమయ్యా, పోదామా?"

కింద స్పానర్ చప్పుడు ఆగింది.

"పోదు రాఘవా," అన్నాడు. "ఇది గేటు దాటదు."

అలా వెల్లకిలా పడుకునే మొత్తం చెప్పాడు. మాను సంగతి, ముద్ర సంగతి, రివర్స్ గేరు సంగతి. ఎదురుగా నిలబడి చెప్పమంటే ఇంకో పదేళ్లు పట్టేది.

"అంటే ఇన్నేండ్లు నన్ను ఆపింది రెండు కట్టెలా?"

"అవ్."

తర్వాత ఆయనే, బస్సెక్కి పొమ్మని గొణిగాడు.

"బస్సెక్కేదాన్నయితే ఎప్పుడో ఎక్కేదాన్ని," అంది నాయనమ్మ. "నలుగుట్ల అన్న నీ మాట పోతదని ఎక్కలే. బయటికి రా. దూలన్నను పిలువు."

దూలయ్య తన గొడ్లపాకకు పెట్టుకున్న తాటి దూలాలు భుజాన వేసుకుని వచ్చాడు. అవి దించి, తాతయ్యను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏంది చెంచయ్యా, కల్లు కుండ ఇయ్యాల ఎక్కుతదా?"

తాతయ్య స్పానర్ అందుకుని మళ్లీ బండి కింద దూరాడు. నాయనమ్మ సీట్లోంచి దిగలేదు. ఆమెను పైన అలాగే ఉంచి టేకు దూలాలు విప్పి తాటివి బిగించారు, పలకలు పీకి తొట్టిలో వెదురు తడక పరిచారు. పొద్దు వాలకముందే బండి కదిలింది.

గేటు దగ్గర భీమయ్య సుత్తితో ఒకసారి తట్టాడు. తాటిదని చెయ్యి దులుపుకుని, ఎక్కడికని అడిగాడు. పుట్టింటికి అని నాయనమ్మే చెప్పింది. గేటు లేచింది. సరిగ్గా దాని కిందికి వచ్చాక ఇంజన్ ఆగిపోయింది. తాతయ్య స్టీరింగ్ పట్టుకుని ఉయ్యాలలో పిల్లాడిలా ముందుకూ వెనక్కీ ఊగాడు. చివరికి భీమయ్యే వెనక నుంచి తోశాడు. ఎవరిని చూసి ఇన్నేళ్లు పారిపోయాడో ఆ మనిషే తోసి గేటు దాటించాడు.

భద్రాచలం ఊళ్లోకి వచ్చాక తాటి దూలం ఒకటి కర్రుమంది. బండి మధ్యలో కుంగింది. పాక్కుంటూ వెల్డింగ్ షాపు చేరితే, ఇనుప పట్టీలు వేసి అతకడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నాడు మేస్త్రి. నాయనమ్మ మూట తీసుకుని దిగింది.

"మరి నా మాట?" అన్నాడు తాతయ్య.

"నీ మాట ఈడిదాక తెచ్చినవ్. మా అక్క ఆగదు. బాగైనంక నువ్వు రా," అని ఖమ్మం బస్సెక్కింది.

సుబ్బరత్నమ్మ ఆ రాత్రి చెల్లెలి చేతి ముద్ద తిన్నది. బండేదమ్మా అని వెంకటప్పయ్య అడిగితే, రిపేరుకిచ్చినం, నీ నోటికి కూడా మేస్త్రి ఉంటే చెప్పు అందట నాయనమ్మ. తర్వాత తాతయ్య బండి తెచ్చి వాళ్ల గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. వెంకటప్పయ్య బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసి, బాగానే ఉంది బావా అన్నాడు. ఇన్నేళ్లు దాచుకున్న జవాబులు ఒక్కటీ వాడుకునే అవకాశం రాక తాతయ్య చాలా నొచ్చుకున్నాడు. సుబ్బరత్నమ్మ ఎండాకాలం దాకా ఉంది. నాయనమ్మ ఆ కొన్నాళ్లూ పక్కనే ఉండి అక్కను సాగనంపి వచ్చింది.

ఇప్పుడు బండి మంచి ఇనుప నడుముతో ఉంది. నాన్న దాన్ని తోలుకుని కొత్తగూడెం దాకా పోయి వస్తాడు. నాయనమ్మకు బస్సు రుచి తెలిసింది, బుద్ధి పుట్టినప్పుడల్లా ఏన్కూరు పోతుంది. వెళ్లనిది తాతయ్య ఒక్కడే.

విప్పిన టేకు ఇంట్లోనే ఉంది కదా. ముద్ర లేని టేకు బండిలో ఉన్నా తప్పే, ఇంట్లో ఉన్నా తప్పే. పొయ్యిలో పెడదామని నాన్న అంటే తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. దూలాలు మంచం కోళ్లుగా, పలకలు పట్టెలుగా చేసుకుని, దాని మీదే పడుకోవడం మొదలుపెట్టాడు. వీధిలో ఏ జీపు చప్పుడైనా ఫారెస్టు వాళ్లదేమోనని దుప్పటి నేలదాకా పరిచి, ఎక్కి పడుకుని మూలుగుతాడు. జీపు పోతే లేచి కోళ్లకు నూనె రాస్తాడు.

మొన్న నాయనమ్మ బస్సుకు బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"వస్తవా? మా అన్న అడుగుతుండు."

"నేనొస్తే ఇంట్ల ఎవరుంటరు?" అన్నాడు తాతయ్య గోడవైపు తిరిగి.

ఇంట్లో నేనున్నాను, అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. అయినా ఆయన చెయ్యి చాపి, కోడు కనబడకుండా దుప్పటి అంచు కిందికి లాగాడు.