సీటివ్వనన్న ఆవిడ

నడుం నొప్పికి బెల్టు కట్టుకున్నవాళ్ళకి అడగ్గానే సీటిస్తారని నేను నమ్మిన రోజులవి. ఆ సాయంత్రం హైటెక్ సిటీలో బాచుపల్లి బస్సెక్కాను. ఆడవాళ్ళ సీట్లో సెక్యూరిటీ యూనిఫాంలో ఒకావిడ కూర్చుని ఉంది. నాకంటే ఓ పదేళ్ళు పెద్దది.

"అక్కా, నడుం నొప్పండి. కాస్త సీటిస్తారా?" అని చున్నీ పక్కకి తీసి బెల్టు చూపించాను.

ఆవిడ బెల్టు చూసింది, నా మెడలోని ఐడీ కార్డు చూసింది.

"నేను లెవ్వనమ్మా. పొద్దుగాల ఏడింటి సంది గేటు కాడ నిలబడే ఉన్న. కుర్చీ ఇయ్యరు. జర గోడకు ఆనుకుంటె కెమెరాల చూసి ఫోన్ చేస్తరు. నువ్వు కూసొని నొప్పి తెచ్చుకున్నవ్, నేను నిలబడి తెచ్చుకున్న. నీకు బెల్టన్న ఉన్నది. నాకు ఈ సీటే ఉన్నది."

బస్సంతా వినేలా అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి ఆవిడే చెయ్యి చాపింది. "సీటైతే ఇయ్య. ఆ బ్యాగియ్యి. గంత బరువేసుకొని ఏం నిలబడ్తవ్?"

నేను దిగేదాకా నా లాప్‌టాప్ బ్యాగు ఆవిడ ఒళ్ళోనే ఉంది.

మర్నాడు మా ఆఫీసు గుమ్మంలో బ్యాగులు తనిఖీ చేసే ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడటం మొదటిసారి గమనించాను. లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి ఆవిడ పక్కన వేశాను. మధ్యాహ్నానికి మేనేజరు నన్ను లాబీలోకి పిలిచి, ఆ కుర్చీ తీసేయమన్నాడు.

"తియ్యనండి" అన్నాను, లాబీ అంతా వినేలా.