మన దేశంలో దయ్యాలు ఉండవట

మధ్యాహ్నానికల్లా పన్నెండు సమాధి రాళ్ళు చేయాలి, వాటిమీద పన్నెండు జర్మన్ పేర్లు రాయాలి. ఆ ఉదయం కసీల్దాకు అప్పజెప్పిన పని అది.

ఆమెకిది కొత్త కాదు. స్పెయిన్‌లో తీసే దయ్యం సినిమాలకు పదేళ్ళుగా శవపేటికలు, పుర్రెలు, సమాధులు చేసిపెడుతోంది. దయ్యాలు పరాయి దేశంలోనే ఉండాలన్న సెన్సారువాళ్ళ నియమం ఆమెకు కంఠతా వచ్చు. రక్తం తాగేవాడు హంగరీవాడై ఉండాలి. గొంతులు కోసే డాక్టరు ఇంగ్లీషువాడై ఉండాలి. దేశాన్నేలే జనరల్ గారి పాలనలో అందరూ సుఖంగా ఉన్నారు, చచ్చినవాళ్ళతో సహా.

కానీ ఈ సినిమా వేరు. దర్శకుడు ఫెర్మీన్ రాసిన కథలో సమాధులే లేవు. రోడ్డు పక్కన ఒక గొయ్యి ఉంది. అందులోంచి ఊరివాళ్ళు లేస్తారు, తమను చంపినవాళ్ళ తలుపులు తడతారు. ఆ పేజీ చదివిన రోజున కసీల్దా సగం కూలికి ఒప్పుకుంది. అంతర్యుద్ధం మొదలైన నెలకే, 1936 ఆగస్టులో, జనరల్ మనుషులు ఆమె తండ్రిని లారీ ఎక్కించి తీసుకుపోయి, చంపి అలాంటి గోతిలోనే పడేశారు. తాపీపని చేసుకునేవాడు, కార్మిక సంఘంలో సభ్యుడు, అంతే. వారం తిరక్కుండానే తల్లిని ఠాణాకు పిలిచి, మొగుడు పోయాడని నల్లబట్టలు కడితే లోపలేస్తామన్నారు. ముప్పై ఆరేళ్ళు ఇంట్లో కూడా ఎవరూ ఆ మాట పైకి అనలేదు. చివరికి ఓ చౌకబారు దయ్యం సినిమా అంటుందనుకుంటే, దాన్నీ తీసుకెళ్ళి ఆస్ట్రియాలో పెట్టారు. గొయ్యి పోయి శ్మశానం వచ్చింది.

ఆమె ప్లాస్టర్ కలపలేదు. నేరుగా ఫెర్మీన్ దగ్గరికి వెళ్ళింది.

"గొయ్యి ఏది బాబూ?"

"సెన్సారువాళ్ళు కొట్టేశారమ్మా. నేనేం చేయను?"

"రాసినప్పుడు చేతులు వణకలేదే!"

"సినిమా ఆగిపోతే నలభైమంది పొట్ట కొట్టినవాణ్ణవుతాను. బొమ్మే కదా, వదిలెయ్."

"బొమ్మా? నీకు బొమ్మ. మా నాన్న ఉన్నాడందులో."

నిర్మాణ వ్యవహారాలు చూసే బల్తసార్ అటుగా వచ్చాడు. "ఏమ్మా, రాళ్ళెక్కడ? మధ్యాహ్నం కావస్తోంది."

"రాళ్ళు లేవు."

"లేకపోవడమేంటి?"

"స్నానం సీను ఎన్నిసార్లు తీశారు నిన్న?" అంది కసీల్దా. "చెప్పవయ్యా, సిగ్గెందుకు? ఇక్కడికి తువ్వాలు కట్టి ఒకటి, ఫ్రాన్సుకు తువ్వాలు తీసేసి ఒకటి. ఆ పిల్ల చలికి నీలుక్కుపోయింది. బట్టల్లేని ఆడపిల్ల కోసం రెండోసారి కెమెరా తిప్పుతారు. చచ్చినవాళ్ళ కోసం తిప్పలేరా?"

"గొయ్యి చూడ్డానికి ఫ్రాన్సువాడు డబ్బులివ్వడు. ఎక్కువ మాట్లాడితే పోలీసులకు చెప్పాల్సొస్తుంది."

"చెప్పు. వచ్చినవాళ్ళకే చెబుతాను ఈ కథ ఎవరిదో. వాళ్ళలో పెద్దవాళ్ళకు బాగానే గుర్తుంటుంది."

ఫెర్మీన్ సిగరెట్టు పారేశాడు. "ఫ్రాన్సుకు పోయే రెండో కాపీకి తీద్దాం" అన్నాడు. "ఒక్కసారే. రాళ్ళు ముందు చేసిపెట్టమ్మా."

చేసిపెట్టింది. హుబర్, వాగ్నర్, ష్మిట్ అని పళ్ళు కొరుకుతూ రాసింది. శవాలు ఆస్ట్రియాలో లేచాయి. పాదిరీ వేషం వేసిన నటుడు శిలువ ఎత్తి వాటిని పడుకోబెట్టాడు.

మర్నాడు గోతి పని. ఓ పల్లె బయట రోడ్డు పక్క పాప్లార్ చెట్ల కింద బల్తసార్ సున్నంతో గీత గీశాడు. తవ్వడానికి ఆ ఊరివాళ్ళనే పెట్టుకున్నారు. యుతీమియో అనే పెద్దాయన గీత దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఇక్కడ కాదు."

"ఏం? వెలుతురు ఇక్కడే బాగుంది," అన్నాడు బల్తసార్.

"ఇవతలికి జరగండి. ఆ వంపు దగ్గర తవ్వుకోండి."

"బండరాయేమైనా ఉందా?"

యుతీమియో పార కింద పెట్టాడు. వెనక ఉన్నవాళ్ళూ ఒక్కొక్కరే పారలు కింద పెట్టారు. బల్తసార్ ఆ సున్నపు గీతను చూసి, దాని మీంచి ఒకడుగు వెనక్కి వేశాడు. ఫెర్మీన్ తనే కెమెరా కాళ్ళు పట్టుకుని వంపు వైపు లాగడం మొదలుపెట్టాడు.

కసీల్దా పెద్దాయన పక్కకు వెళ్ళింది. "ఎంతమంది?"

"మీకెందుకమ్మా?"

"మాది వేరే ఊరు. మా దగ్గర తొమ్మిదిమంది."

ఆయన పార అందుకుంటూ, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఆరుగురు. ఒకామె బడిపంతులమ్మ. ఇక నన్ను తవ్వనివ్వండి."

ఆ గోతిలో పడుకోవడానికి ఊళ్ళోవాళ్ళే వచ్చారు, యుతీమియో కూడా. శవాల్లా తూలుతూ నడవమని ఫెర్మీన్ చెప్పాడు. ఎవరూ తూలలేదు. లేచి, మట్టి దులుపుకుని, పొలం నుంచి ఇంటికి వచ్చేవాళ్ళలా నడిచారు. ఫెర్మీన్ కట్ చెప్పలేదు. రీలు అయిపోయేదాకా, నాలుగు నిమిషాలు తిప్పాడు.

స్పెయిన్‌లో ఆస్ట్రియా సినిమా ఆడింది, జనం పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూశారు. రెండో కాపీ సరిహద్దు దాటింది. మరుసటి వసంతంలో అది ఫ్రాన్సు సరిహద్దు ఊరు పెర్పిన్యాన్‌లో ఆడుతోందని తెలిసి కసీల్దా బార్సెలోనాలో బస్సెక్కింది. బస్సు నిండా మగవాళ్ళు. స్వదేశంలో చూపించని ఒళ్ళు చూడ్డానికి శనివారం శనివారం ఫ్రాన్సుకు వెళ్ళేవాళ్ళు.

"ఏం అత్తా, నీకూ తువ్వాళ్ళు విప్పేవి కావాలా?" అన్నాడు వెనక సీటువాడు.

"నువ్వు చూసేది నువ్వు చూడు. నేను చూసేది వచ్చినప్పుడు నోరెత్తకు."

స్నానం సీను అయింది. హాలంతా ఈలలు. ఆ తర్వాత రోడ్డు, చెట్లు, గొయ్యి.

"ఇదేంటి? అమ్మాయి ఏది?" అని అరిచాడొకడు. ఇంకొకడు కుర్చీ తన్నాడు.

కసీల్దా లేచి నిలబడింది. "నోరు ముయ్యండ్రా! మీ ఊళ్ళో లేదా ఇలాంటిది? ఏ ఊరు మీది? చెప్పండి, ఏ ఊరు?"

కుర్చీ తన్నినవాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. అరుపులు ఆగాయి. ఆమె తెరవైపు తిరిగేసరికి యుతీమియో లేచి మట్టి దులుపుకుంటున్నాడు. అంతలోనే బొమ్మ మారిపోయింది. అమ్మాయిలు లేని చోటల్లా, కాపీ కొన్న ఫ్రాన్సువాడు కత్తిరించేశాడు.

నాలుగు నిమిషాల్లో మిగిలింది నలభై సెకన్లు.