విచ్చని మొగ్గ సాక్ష్యం

పువ్వుల చుట్టరికాలు తేల్చడం మా మరదలి ఉద్యోగం. నా తమ్ముడి భార్య. ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టి బీరువాల్లో దాచే పాత భవనంలో మేడ మీద చివరి గది ఆమెది. కలరా ఉండల వాసన, ఒక కిటికీ, మైక్రోస్కోపు, ఒకవైపు కుంగిన స్టూలు. నేను రైళ్ళూ పడవలూ మారుతూ, పుస్తకాలు చదివిన చోటే వదిలేస్తూ గడిపిన ముప్పై రెండేళ్ళూ ఆమె ఆ స్టూలు మీదే గడిపింది.

“ఇన్ని ఊళ్ళు తిరిగారు కదా బావగారూ, ఇలాంటిది ఎక్కడైనా కనిపించిందా?” అంటూ, నేను వెళ్ళినప్పుడల్లా స్టూలు ఖాళీ చేసేది.

గుండ్రటి వెలుగులో పుప్పొడి రేణువులు తేలుతుండేవి. కొన్నిటికి ముళ్ళు, కొన్నిటికి వల అల్లినట్టు గీతలు. ఒకసారి నడిసముద్రంలో, పడవ కమ్మీ పట్టుకుని చుక్కల్ని చూస్తూ, వీటిని ముందే చూశానే అనుకున్నాను. సరే, ఆ పడవ సంగతి ఇప్పుడెందుకు.

ఆకు నీడలో వెడల్పవుతుంది, ఎండలో చిక్కిపోతుంది. పుప్పొడి పెంకు మాత్రం మాట మార్చదనేది ఆమె. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నీలంపువ్వు మొక్కల కట్టలో ఒక తెల్లపువ్వు అట్ట ఆమె చేతికొచ్చింది. నీలానికి మూడు చీలికల పుప్పొడి. తెల్లదాంట్లో నాలుగే రేణువులు దొరికాయి, నాలుగూ ముళ్ళవే. ఆమె మాట మీద తెల్లదానికి వేరే జాతిగా వేరే అర ఇచ్చారు. తన పేరు చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ అర ఒక్కటే.

పదవీ విరమణకు వారం ఉందనగా, మొక్కల మీద పీహెచ్‌డీ చేసి కొత్తగా చేరిన డాక్టరమ్మ మెల్లగా అడిగింది. “అమ్మా, అప్పుడు పుప్పొడి తీసింది మొగ్గలోంచా, విచ్చిన పువ్వులోంచా?”

“విచ్చినదాంట్లోంచే,” అంది మరదలు.

విచ్చిన పువ్వులో ఉన్నది తేనెటీగలు ఊడ్చుకుపోతాయి. వేరే పువ్వుది రాల్చిపోతాయి. అందుకే మొగ్గనే అడగాలని తర్వాత చేరిన వాళ్ళందరికీ నేర్పింది ఆమే. తన మొదటి అట్టను మాత్రం మళ్ళీ అడగలేదు. దాని మీద ఒకే ఒక్క మొగ్గ మిగిలింది.

“మీరు వెళ్ళాక చూస్తాలెండి,” అంది డాక్టరమ్మ.

“అంటే నా వెనక చెప్పుకుంటారా? నా ఎదుటే అడగండి.”

ఆ మధ్యాహ్నం నేనూ ఉన్నాను. మరదలే మొగ్గను నీళ్ళలో నానబెట్టి, సూదితో చీల్చి, కేసరాలు తీసి ఆసిడ్‌లో మరిగించింది. కిటికీలోంచి ఎండ, ఎండలో తేలే దుమ్ము. ఆమె మైక్రోస్కోపు మీదికి వంగి అలాగే ఉండిపోయింది, నిద్రలో ఎవరి మాటో వింటున్నట్టు.

“మూడు చీలికలు,” అంది చివరికి. “నీలందానికి సొంత చెల్లెలే బావగారూ. అనవసరంగా ఇన్నాళ్ళు వేరు కాపురం పెట్టించాను.”

అట్టను తనే మోసుకెళ్ళి నీలంపువ్వుల మధ్య పెట్టింది. దాని మీద తన తప్పు తనే రాసి సంతకం చేసింది.

“పాత స్లైడు పారేద్దామా?” అంది డాక్టరమ్మ.

“ఎందుకమ్మా? ఆ ముళ్ళ పుప్పొడి రాల్చిన తేనెటీగ ఏ పువ్వు దగ్గర్నుంచి వచ్చిందో ఎవరైనా కనుక్కున్నారా?”

విరమణకు ఇంకా ఆరు రోజులున్నాయి. ఆమె ముళ్ళ పుప్పొడి స్లైడ్ల పెట్టె తెరిచి, మొదటిది కాంతికి పట్టి చూసింది.